శీలము నేర్పిన గురువు: బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవిత చరిత్రము

మహనీయుల చరిత్రములు చదువుటవలన మనకు రెండు లాభములు గలవు. వారు నడచిన త్రోవ యెట్టిదో తెలియుట మొదటిది. మనము నడచుచున్న త్రోవ యెట్టిదో తెలియుట రెండవది. ఈ రెండవ లాభము కొంచెము నొప్పితో గూడినది. అద్దములో చూచుకొన్నవానికి తన మొగమందలి మసి కూడ కనబడును గదా! మేము ఈ చరిత్రమును వ్రాయబూనుటకు అట్టి మసి యొకటి మా కంటబడుటయే కారణము. దానిని ముందుగా ఒప్పుకొని, పిమ్మట కథలోనికి బోయెదము.

కొన్ని యేండ్ల క్రిందట, మేము పనిచేయుచుండిన యొక పాఠశాలలో, ఎనిమిదవ తరగతి పిల్లలను సత్యమును గూర్చి వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. ఒక బాలుని వ్యాసము అన్నిటికంటె మిన్నగా నుండెను. బహుమానమిత్తమని తలచి మరల చదువగా, అది యొక పుస్తకమునుండి అక్షరము తప్పక ఎత్తి వ్రాసినదని తెలియవచ్చెను. సత్యమును గూర్చిన వ్యాసమే దొంగసొత్తు! మాకు నవ్వును కోపమును ఒక్కసారిగా వచ్చెను. బాలుని పిలిచి గట్టిగా మందలించితిమి. వాడు తలవంచుకొని కొంతసేపు ఊరకుండి, పిమ్మట మెల్లగా ఒక సంగతి జ్ఞాపకము చేసెను. అంతకు నెల దినముల ముందు అధికారులు తనిఖీకి వచ్చిరి. ఆ దినమున మేము చదువు వచ్చిన పిల్లలను ముందు బల్లలపై కూర్చుండబెట్టి, రాని పిల్లలను వెనుకకు జరిపి, వా రడుగుదురని తోచిన ప్రశ్నలకు జవాబులు ముందే వల్లె వేయించియుంటిమి. వెనుకకు జరుపబడినవారిలో ఈ బాలుడొకడు. వాని మాటలో పొగరు లేదు. తెలియక యడిగినట్లే యడిగెను. మాకు మాత్రము జవాబు దొరకలేదు.

నీతిపాఠమును మేము నోటితో చెప్పితిమి. తనిఖీనాటి పాఠమును చేతితో చెప్పితిమి. బాలుడు రెండవదానినే నేర్చుకొనెను. అట్లయిన బడిలో శీలమును నేర్పుట సాధ్యమా? సాధ్యమైనచో ఏ విధముగా? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము విడువలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వ్రాసికొన్న పాత నోటుపుస్తకములు తిరుగవేసితిమి. పాఠము చెప్పు పద్ధతులు వానిలో చాల గలవు, కాని ఈ ప్రశ్నకు తగిన జవాబు కానరాలేదు. కడకు అది ఒక ఉపాధ్యాయుని జీవితములో కనబడినది. వారే రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

బాల్యము

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. వారి తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యములో సుబేదారు. సైనికోద్యోగము ఒక్క యూర నిలిచియుండునది కాదు గనుక, బాలుని చిన్నతనము కృష్ణాతీరమునకు దూరముగా, ఉత్తరమున గడచెను. నేడు మహారాష్ట్రమున చంద్రపూరని పిలువబడు చాందాలో వారు చదువు మొదలుపెట్టిరి. ఇంటిలో తెలుగు, వెలుపల హిందీ, ఉర్దూ. పారసీ పరిచయము కూడ కలిగెను. మన ఇందూరు, బోధను ప్రాంతపు పిల్లలకు ఇది వింతగా దోపదు. ఇంట ఒక భాష, అంగడిలో వేఱొక భాష, బడిలో మఱియొక భాష మాటలాడుచు పెరుగుట మనవారి కలవాటే. ఇట్లు పెరిగిన పిల్లవానికి తనవారు కానివారనుమాట తొందరగా నోట రాదు. నాయుడుగారి తరువాతి జీవితము చూడగా ఈ బాల్యము వృథా కాలేదని తోచుచున్నది.

తండ్రికి హైదరాబాదునకు బదిలీ కాగా, బాలుడు అచ్చట నిజాం ఉన్నత పాఠశాలలో చేరెను. అక్కడ చదువు ముగించుకొని, పై చదువునకై చెన్నపట్టణము చేరి, క్రైస్తవ కళాశాలలో ప్రవేశించెను.

చెన్నపట్టణము: ఒక గురువు, ఒక శిష్యుడు

మదరాసు క్రైస్తవ కళాశాల 1937లో తాంబరమునకు తరలిపోయినది గాని, ఆ దినములలో అది పట్టణము నడుమ, ఎస్ప్లనేడు వీధిలో నుండెడిది. దానికి విలియం మిల్లరు దొరగారు అధిపతి. స్కాట్లండునుండి 1862లో, అనగా నాయుడుగారు పుట్టిన యేటనే, ఆయన చెన్నపట్టణమునకు వచ్చెను. మిషను విద్యను గూర్చి ఆయనకు ఒక దృఢాభిప్రాయ ముండెను. కళాశాల యందు ఎందరు బాప్తిస్మము పొందిరని లెక్క పెట్టుటకంటె, అచ్చట చదివినవారి ఆలోచనలు, అలవాట్లు, ధర్మబుద్ధి ఎంతవఱకు మేలు దిశకు మఱలినవని చూచుట ముఖ్యమని ఆయన నమ్మెను. ఈ నమ్మకము కొందఱు మిషనువారికే రుచింపలేదు. దానిపై చాల వాదములు జరిగెను. ఆయన మాత్రము తన పనిలో తాను నిలిచియుండెను.

ఆ పనికి ఫలమెట్టిదో నాయుడుగారే సాక్షి. వారు క్రైస్తవులు కాలేదు. రాజా రామమోహనరాయలు 1828లో కలకత్తాలో నెలకొల్పిన బ్రహ్మసమాజమందు చేరి, ఏకేశ్వరారాధకులై, తుదివఱకు అందే యుండిరి. తెలుగుదేశమున ఆ సమాజమునకు వారే పెద్దదిక్కైరి. అయినను మిల్లరుగారి ముద్ర వారి జీవితముపై చెఱగని విధముగా పడెను. విద్యార్థిని కేవలము పరీక్షకు సిద్ధపడు బుఱ్ఱగా గాక, పూర్ణ మానవునిగా చూచుట వారు ఆ గురువువద్దనే నేర్చిరి. ఒక గురువు తన శిష్యుడు తన మతమున చేరకపోయినను, వాని యెదుగుదల చూచి సంతోషించుటకంటె ఉదారమైన సంగతి విద్యాలోకమున వేఱొకటి గలదా? మిషను బడులలో పనిచేయు మేము ఈ సంగతిని మఱవరాదు.

నాయుడుగారు అచ్చట బి.ఏ., పిమ్మట ఎం.ఏ. పట్టములు పొందిరి. ఆంగ్ల సాహిత్యము వారికి ప్రాణమయ్యెను. ఆ భాషలో వారు చేయు ఉపన్యాసములు శ్రోతలను కదలనీయక కట్టివేయుచుండెడివని అందఱును చెప్పుకొనిరి. తరువాతి కాలమున అవి సంపుటములుగా అచ్చుపడినవి. ఇంతటి ప్రజ్ఞ గలవారికి ఆ దినములలో సర్కారు కొలువులు తలుపులు తెఱచియుంచెడివి. అయినను వారు ఉపాధ్యాయ వృత్తినే కోరుకొనిరి.

శ్వేతవస్త్రములు

1889లో నాయుడుగారికి భార్యావియోగము కలిగెను. అప్పటికి వారి వయస్సు ఇరువదియేడు దాటలేదు. నాటి లోకరీతి యెట్టిదో పిల్లలకు చెప్పవలసియున్నది. భార్య చనిపోయిన పురుషుడు ఏడాదియైన తిరుగకముందే మరల పెండ్లి చేసికొనినను ఎవ్వరును తప్పుపట్టరు. భర్త చనిపోయిన స్త్రీయో, ఆమె పదేండ్ల బాలికయైనను, జీవితాంతము విధవగానే యుండవలెను. వితంతువుల పునర్వివాహమును చట్టము 1856లోనే అంగీకరించెను గాని లోకము అంగీకరింపలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరెల్ల అల్లకల్లోలమయ్యెను.

అట్టి కాలమున నాయుడుగారు మరల పెండ్లి మాట తలపెట్టలేదు. ఆనాటినుండి తెల్లని వస్త్రములనే ధరించుచు, బ్రహ్మచర్యముతో ఏబది యేండ్లు గడపిరి. స్త్రీకొక నీతి, పురుషునకొక నీతి యుండరాదని వారు వేదికలమీద బోధించిరి. అట్లు బోధించినవారు పెక్కుమంది గలరు. కాని ఆ నీతిని వారు ముందుగా తమకే అన్వయించుకొనిరి. తరగతిలో కూర్చున్న విద్యార్థికి ఆ తెల్లని దుస్తులను చూచినప్పుడెల్ల, ఎవ్వరును చెప్పకయే ఒక పాఠము అందుచుండెను. శీలబోధకు మొదటి సాధనము ఇదియే. బోధించువాడు తన మాటకు వెల తానే చెల్లించియుండవలెను.

బందరు దినములు

చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో పనిచేసి, 1890 తరువాతి దశకమున నాయుడుగారు తమ జన్మస్థలమైన బందరునందలి నోబిలు కళాశాలలో అధ్యాపకులుగా నుండిరి. రాబర్టు నోబిలు దొరగారు 1843లో స్థాపించిన మిషను బడియే పెరిగి ఆ కళాశాలయైనది. నోబిలుగారు ఇరువది రెండేండ్లు దానికి ధారవోసి, 1865లో ఆ యూరనే కన్నుమూసిరి. అట్టి చోట ఒక బ్రహ్మసమాజీకుడు అధ్యాపకుడై, మిషనువారి నడుమ గౌరవముతో మెలగుట గమనింపదగినది.

నాయుడుగారి శిష్యులలో ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ముఖ్యులు. కృష్ణారావుగారు తరువాత కృష్ణాపత్రికకు సంపాదకులై, దశాబ్దములపాటు తెలుగువారి మనస్సులను మేలుకొలిపిరి. పట్టాభిగారు వైద్యులై, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1948లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులుగా ఎన్నికైరి. ఒకరు కలమునకు, ఒకరు దేశసేవకు అంకితులైరి. ఇరువురి త్రోవలు వేఱు. గురువుగారి త్రోవ ఇంకను వేఱు. నిజమైన గురువు శిష్యులను తన అచ్చులో పోయడు. నిలువబడుటకు వెన్నెముక నిచ్చి, నడచు దిక్కును వారికే విడిచిపెట్టును.

ఈ బందరు దినములలోనే నాయుడుగారు సాంఘిక పవిత్రతోద్యమమును నడపిరి. ఆ కాలమున సంపన్నుల యిండ్లలో పెండ్లియైనను, పండుగయైనను, దొరలకు విందైనను, భోగము మేళము లేనిదే గౌరవము కాదనుకొనెడివారు. ఊరి పెద్దలు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు కూడ ముందు వరుసను కూర్చుండెడివారు. వారి ప్రక్కన పిల్లలును కూర్చుండెడివారు. మఱునాడు అదే పెద్దలు అదే పిల్లలకు నీతిశతకములు వల్లె వేయించుచుండెడివారు. ఈ రెండింటికి పొత్తు కుదురదని నాయుడుగారు కుండబ్రద్దలు కొట్టినట్లు చెప్పిరి. అట్టి వేడుకలకు పోరాదని యువకులచే ప్రతిజ్ఞలు చేయించిరి. పెద్దింటివారి కోపమునకు గుఱియగుట తప్పలేదు.

ఇచ్చట ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఆ మేళములలోని స్త్రీలు శతాబ్దములుగా సంగీత నాట్యములను కాపాడినవారు. ఉద్యమము బలపడినకొలది వారి జీవనాధారము పోయెను. వారిపై నిందయు పెరిగెను. దేవదాసీ దానమును నిషేధించు చట్టము మదరాసు రాష్ట్రమున 1947లో వచ్చెను. ఆ వ్యవస్థ పోవుట మేలే. అయినను అందు చిక్కుకొన్న స్త్రీలకు వేఱు బ్రతుకుతెరువు చూపుటలోను, వారి కళను గౌరవించుటలోను నాటి సంస్కర్తలు చాలినంత చేయలేదని నేటి చరిత్రకారులు చూపుచున్నారు. మహనీయుల మేలును గ్రహించునప్పుడు వారి కాలపు కొఱతను కూడ చూచుట అగౌరవము కాదు. సత్యమును ప్రేమించినవారి చరిత్రమును సత్యముగానే వ్రాయవలెను గదా.

సికింద్రాబాదు

పందొమ్మిదవ శతాబ్దము ముగియు దినములలో నాయుడుగారు సికింద్రాబాదునందలి మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి, సుమారు 5 సంవత్సరములు పనిచేసిరి. మన ప్రాంతమునకు వారితో గల సంబంధము ఇదియే. ఇందూరునుండి రైలెక్కినవారు దిగు ఆ నగరముననే, ఆరవ నిజాము మహబూబు అలీఖాను పేరు మోసిన ఆ విద్యాలయము గలదు. దానిని 1862లో సోమసుందరము మొదలియారుగారు స్థాపించిరి. నాయుడుగారు రాకకు కొన్ని యేండ్ల ముందు, 1893 ఫిబ్రవరిలో, వివేకానందస్వామి అమెరికా యాత్రకు పూర్వము అచ్చట ఉపన్యసించియుండిరి.

కంటోన్మెంటు నడుమనున్న ఆ బడిలో తెలుగు, తమిళము, ఉర్దూ, మరాఠీ మాటలాడు పిల్లలు కలసి కూర్చుండెడివారు. చిన్ననాడు చాందాలోను, హైదరాబాదులోను పెరిగిన నాయుడుగారికి ఇది సొంతయింటికి వచ్చినట్లే. ఈ యయిదేండ్లలో పాఠశాల నడపుట యన నేమో, పద్దులు, బల్లలు, ఫీజులు, పిల్లల తగవులు, తండ్రుల మొరలు ఎట్టివో వారు తెలిసికొనిరి. తరువాత కాకినాడలో చేసిన మహాకార్యమునకు ఇది తగిన తర్ఫీదయ్యెను.

కాకినాడ: కళాశాలయే కుటుంబము

ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో నాయుడుగారు కాకినాడకు బోయి, పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలై, 1919 వఱకు ఆ యూర పనిచేసిరి. 1852లో చిన్న బడిగా మొదలై, 1884లో కళాశాలయైన ఆ సంస్థ, నాయుడుగారి కాలమున తెలుగుదేశమంతట పేరుగాంచెను. వారి జీవితమున మిక్కిలి ఫలవంతమైన భాగ మిదియే గనుక ఇచ్చట కొంత నిలిచి చూతము.

ప్రిన్సిపాలుగారి జీతము ఆ దినములలో చిన్నది కాదు. కాని అది వారి చేత నిలిచెడిది కాదు. ఫీజు కట్టలేని విద్యార్థికి ఫీజు, పుస్తకము కొనలేనివానికి పుస్తకము, తిండికి లేనివానికి తిండి దానినుండియే పోవుచుండెను. తలిదండ్రులు లేని పిల్లలకు అనాథ శరణాలయము ఏర్పడెను. అంటరానివారని లోకము త్రోసివేసిన కులముల పిల్లలకు వసతిగృహములు వెలసెను. కళాశాల ద్వారములు బాలికలకు కూడ తెఱవబడెను. పిఠాపురము మహారాజు సూర్యారావు బహదూరుగారు నాయుడుగారిని గురువుగా భావించి, ఈ పనులకెల్ల ధనసహాయము చేసిరి. ఒకవైపు సంస్థానాధీశుడు, ఒకవైపు తండ్రిలేని పిల్లవాడు. ఇరువురును ఆ తెల్లబట్టల గురువునకు శిష్యులే. వారి చూపులో ఇరువురకు భేదము లేదు.

ఈ పనులు నేడు మనకు సామాన్యముగా దోచవచ్చును. వసతిగృహము లేని పట్టణమేది? బాలికలు చదువని కళాశాల యేది? కాని నూఱేండ్లకు పైగా వెనుకకు బోయి చూడుడు. ఒక కులము పిల్లవాడు ఒక బావిలో నీరు తోడరాదు, ఒక వీధిలో నడువరాదు, బడిలో ఇతరులతో ఒక బల్లపై కూర్చుండరాదు. అట్టి పిల్లవానికి చోటిచ్చిన బడిని విడిచిపోవుటకు పెక్కు కుటుంబములు సిద్ధముగా నుండెడివి. బడి ఖాళీయగునను భయము ప్రతి ప్రధానోపాధ్యాయుని గుండెలోను ఉండెడిది. నాయుడుగారు ఆ భయమును లక్ష్యపెట్టలేదు. సోదరభావమును గూర్చి తరగతిలో పది పాఠములు చెప్పి, వాకిట ఒక పిల్లవానిని నిలిపివేసిన బడి, వాస్తవముగా నేర్పు పాఠము ఆ వాకిటి పాఠమే యని వారెఱుగుదురు.

కవులు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారును, రచయిత గుడిపాటి వేంకటచలముగారును యౌవనమున ఆ కళాశాలలో చదివి, నాయుడుగారి ప్రభావమునకు లోనైనవారే. కృష్ణశాస్త్రిగారి కవిత్వమందు బ్రహ్మసమాజపు ఆర్ద్రత కొంత కనబడును. చలముగారు మాత్రము తరువాత గురువుగారి నియమములనేకములను త్రోసిరాజని, తమ త్రోవను తాము పోయిరి. అయినను లోకమునకు వెఱవక తాను నమ్మినదానిని చెప్పుటయను గుణము చలముగారియందు కూడ కడవఱకు నిలిచెను. బందరు శిష్యులవలెనే కాకినాడ శిష్యులును ఒక అచ్చునుండి వచ్చినవారు కారు.

నాయుడుగారిని జనులు బ్రహ్మర్షి యనియు, అపర సోక్రటీసనియు పిలిచిరి. గ్రీసు దేశపు ఆ పురాతన గురువు విద్యార్థులను ప్రశ్నలతో మేలుకొలిపి, తాను నమ్మిన సత్యమునకై ప్రాణము నిచ్చినవాడు. మన గురువుగారు ప్రాణము నీయవలసిన యవసరము రాలేదు. అయితే తమ దినములను, ధనమును, గృహసౌఖ్యమును కొంచెము కొంచెముగా ఇచ్చివేసిరి. ఒక్కసారి ప్రాణమిచ్చుటకంటె దినదినమును ఇచ్చుట సులభమని ఎవరనగలరు?

గౌరవములు, నిర్యాణము

ప్రభుత్వమువారు నాయుడుగారికి దివాన్ బహదూరు బిరుదమును, 1924లో సర్ బిరుదమును ఇచ్చిరి. శాసనసభయందు సభ్యులుగాను వారు పనిచేసిరి. 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై యుండిరి. 1926లో క్రొత్తగా నెలకొల్పబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము మఱుసటి యేడే వారికి గౌరవ డాక్టరు పట్టము నిచ్చి తన్ను తాను గౌరవించుకొనెను.

ఇన్ని గౌరవములు వచ్చినను తెల్లని దుస్తులు మాఱలేదు. అనాథ పిల్లల యోగక్షేమము విచారించుటయు మానలేదు. 1939వ సంవత్సరము మే 26వ తేదీన, డెబ్బది యాఱేండ్లు నిండిన పిమ్మట, వారు కన్నుమూసిరి. వారు పోషించిన పిల్లలు, వారి శిష్యులు, శిష్యుల శిష్యులు తెలుగుదేశమున నలుగడల వ్యాపించియుండిరి.

మనకేమి?

బాలబాలికలారా! ప్రతి దినము మీరు కంఠేశ్వరు గుడి వీధులగుండ, బస్సులలోను ఆటోలలోను, సైకిళ్లపైని బడికి వచ్చుచున్నారు. మీలో కొందఱి తాతలు బోధనులో శక్కరునగరు కర్మాగారమున పనిచేసినవారు. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే గొప్పదని పేరుపొందిన ఆ నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతబడినది. దాని గానుగలు తిరిగిన దినములలో చెఱకు బండ్లు బారులు తీరి నిలిచెడివని పెద్దలు చెప్పుదురు. వారినడుగుడు: చెఱకునకు తీపి కర్మాగారమున పుట్టునా? పుట్టదు. నేల, నీరు, ఎండ, రైతు చెమట కలసి నెలల తరబడి చెఱకులోనికి తీపిని తెచ్చును. గానుగ ఉన్నదానిని పిండి తీయును, అంతే. పరీక్షయును గానుగవంటిదే. మీలో లేని తీపిని అది తేలేదు. కావున మార్కుల కొఱకు వ్యాసము నెత్తి వ్రాయుట ఎండు చెఱకును రంగువేసి బండి కెత్తుటయే.

తలిదండ్రులారా! మీకును ఒక మనవి. బస్సులో అరటికెట్టు కొఱకు పిల్లవాని వయస్సు తగ్గించి చెప్పినప్పుడు, ఇంటికి వచ్చినవానితో నాన్న లేడని పిల్లచేత చెప్పించినప్పుడు, బడిలో చేయవలసిన బొమ్మను అంగడిలో కొని పిల్లవాని పేరు వ్రాయించినప్పుడు, మీరొక పాఠము చెప్పుచున్నారు. ఆ పాఠమును మీ పిల్లలు మఱువరు. భోగము మేళమునకు ముందు వరుసను కూర్చుండి, మఱునాడు శతకము వల్లె వేయించిన నాటి పెద్దలకును మనకును ఇందు భేదమెంత?

ఇక మా ఉపాధ్యాయుల మాట. నాయుడుగారి చరిత్రము చదివిన పిమ్మట ఆ యెనిమిదవ తరగతి బాలుని మరల పిలిచితిమి. ఈసారి మందలించుటకు గాదు. తనిఖీనాడు మేము చేసినది తప్పని తరగతి యెదుట ఒప్పుకొంటిమి. నలువదేండ్లు దాటినవారికి అది సులభమైన పని కాదు, నోరు ఎండిపోయినది. బాలుడు తన వ్యాసమును తిరిగి వ్రాసి తెచ్చెను. అందు తప్పులు పదునేడు, వాక్యములు కుంటుచుండెను. కాని ప్రతి వాక్యము వానిదే. దానినే తరగతి గోడకు అంటించితిమి. మఱుసటి తనిఖీకి పిల్లలెవరి చోట వారే కూర్చుండిరి. అడిగిన ప్రశ్నలకు సగమే జవాబులు వచ్చెను. తనిఖీ పుస్తకమున మాకు మెప్పు వ్రాయబడలేదు. ఆ పుటను మేము ఇప్పటికిని సిగ్గుపడక చూడగలము.

నాయుడుగారు జీవితమంతయు చెల్లించిన వెలతో పోల్చిన ఇది చిల్లిగవ్వ. అయినను, శీలమును బడిలో నేర్పవచ్చునా యను మా ప్రశ్నకు జవాబు అప్పుడే కొంత తెలిసినది. నేర్పవచ్చును. అయితే దానికి గంట మ్రోగదు, ప్రత్యేక పుస్తకము లేదు. గురువు తన మాటకు తాను వెల చెల్లించిన ప్రతి క్షణమును ఆ పాఠము జరుగుచునేయుండును. చెల్లింపని ప్రతి క్షణమును దానికి విరుద్ధమైన పాఠము జరుగును. పిల్లలు రెండింటిని శ్రద్ధగా వినుచునే యుందురు.

ఈ యేటి చదువు ముగించుకొని బయటికి బోవు విద్యార్థులారా! మీరు ఏ మతమునకు చెందినవారైనను, ఏ వృత్తిలో ప్రవేశించినను, తెల్లని వస్త్రముల ఆ గురువును ఒకమాఱు స్మరింపుడు. మిషను కళాశాలలో చదివి, మిషను కళాశాలలో బోధించి, తన మతమున తాను నిలిచి, అందఱి పిల్లలను తన పిల్లలుగా చూచుకొన్న ఆ మహనీయుని జీవితము మీకును మాకును దారి చూపుగాక యని కోరుచున్నాము.